పెద్దాయన ఇచ్చిన ఉల్కల డబ్బా: తుప్పుతో నా అనుభవం

న్యూజెర్సీలో నాతో కలిసి పనిచేసి విరమణ పొందిన ఒక పెద్దాయన, ఇల్లు ఖాళీ చేస్తూ, తాను ఏళ్ల తరబడి పోగుచేసిన ఉల్కాశిలల డబ్బాను నా చేతిలో పెట్టారు. అందులో 41 ముక్కలున్నాయి. బేస్‌మెంట్ తేమకు ఇనుప ముక్కలు గోధుమరంగు పొడి రాలుస్తున్నాయి. పన్నెండు చీటీలు ఊడి డబ్బా అడుగుకు చేరాయి.

బ్రష్ పట్టుకోవాలని చేయి దురద పెట్టినా, ముందు తూకం వేసి, ఫొటోలు తీసి, ప్రతి ముక్కకూ అంకె ఇచ్చాను. పెద్దాయన చీటీల మీద బరువులు కూడా రాసి ఉంచడం వల్ల వాటిలో తొమ్మిది ఏ ముక్కలవో తేలింది. ఎక్కడ దొరికిందో తెలియని ఉల్క విలువ సగానికి పైగా పోయినట్టే కాబట్టి, శుభ్రం చేయడం కంటే ఇదే ముఖ్యమైన పని అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇనుప ముక్కల్లో ఎక్కువ భాగం అర్జెంటీనాలోని కాంపో దెల్ సియెలోవి. వాటి పగుళ్లలో నేలనుంచి చేరిన క్లోరైడ్ అనే ఉప్పు అంశం ఉంటుంది; పైతుప్పును ఎంత గీకినా, గాలిలో తేమ తగలగానే లోపలినుంచి మళ్లీ పుడుతుంది. మొదటి ముక్కను ఇత్తడి బ్రష్‌తో రుద్ది, కుళాయి నీటితో కడిగి, మెరిసిపోతోందని మురిసిపోయాను. మూడు వారాలకు దాని మీద చెమట బొట్లలాంటి తుప్పు చుక్కలు తేలాయి. కుళాయి నీటిలోనూ క్లోరిన్ ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. తరువాత చేతి తొడుగులు వేసుకుని, ఆ క్లోరైడ్‌ను బయటికి లాగడానికి డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం హైడ్రాక్సైడ్ కలిపి, వారానికోసారి ద్రావణం మారుస్తూ రెండు నెలలు నానబెట్టాను. ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తోనే కడిగి, నీటి శాతం అతి తక్కువగా ఉన్న ఆల్కహాల్‌లో ముంచి తీసి, ఆరబెట్టి, ఆల్కహాల్ పూర్తిగా ఆవిరైపోయాక ఓవెన్‌లో సుమారు 100 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి, పలుచగా మైనం పట్టించాను. ఇప్పుడు అవి సిలికా జెల్‌తో పాటు మూత బిగించిన డబ్బాలో ఉన్నాయి. రష్యాలో 1947 ఫిబ్రవరి 12న పడిన సిఖోటే అలిన్ ముక్కను మాత్రం ఆల్కహాల్‌తో తుడిచి వదిలేశాను. బొటనవేలితో నొక్కినట్టున్న దాని గుంటలను, పలుచని పైపొరను బ్రష్‌తో పాడుచేయడానికి మనసొప్పలేదు.

ఇనుమని చీటీ ఉన్న ఒక ముక్కలో బుడగల గుంతలు కనిపించి అనుమానం వచ్చింది. ఉల్కల ఇనుములో నికెల్ ఉంటుంది. దాన్ని పట్టిచ్చే డైమిథైల్‌గ్లయాక్సిమ్ అనే రసాయనం, అమోనియా అద్దిన దూదితో రుద్దితే, నికెల్ ఉన్న మిగతావన్నీ దూదిని గులాబీ రంగుకు తిప్పాయి, అది తిప్పలేదు. కొలిమి చిట్టెం!

డబ్బాలోని రాతి ఉల్కలు, వాయవ్య ఆఫ్రికా ఎడారుల్లో దొరికినవి, ఈ నానబెట్టుడుకు తట్టుకోవు. వాటికి మెత్తని బ్రష్, ఆల్కహాల్ చాలు. ఇక్కడ నేను చేసిన తప్పు వేరు: అన్నింటికీ బలమైన అయస్కాంతం ఆనించి చూశాను. చేతి అయస్కాంతం తాకితే రాయిలో కోట్ల ఏళ్లుగా నిలిచిన ప్రాచీన అయస్కాంతత్వపు జాడ చెరిగిపోతుందని, అంగారకుడి నుంచి వచ్చిన ‘బ్లాక్ బ్యూటీ’ అనే ఉల్క ముక్కలకూ అదే గతి పట్టిందని తరువాత చదివి నొచ్చుకున్నాను.

చీటీ దొరకని 38 గ్రాముల రాయికి ఒక మూల అరగదీసి లెన్స్‌తో చూశాను. కాండ్రూల్స్ అనే గుండ్రని గింజలు మసకగా కనిపించాయి, లోహపు మెరుపు మాత్రం చాలా తక్కువ. ఇనుము తక్కువుండే ఎల్ఎల్ తరగతి అయి ఉంటుందని రాసుకుని, ప్రయోగశాలకు పంపాను. అధికారికంగా నమోదు కావాలంటే 20 గ్రాములు లేదా మొత్తం బరువులో 20 శాతం, ఏది తక్కువైతే అది, ఒక సంస్థకు వదులుకోవాలి. నా రాయికి అది 7.6 గ్రాములు. ఇవ్వడానికి మూడు రోజులు తటపటాయించానని ఒప్పుకోవాలి.

నెలల తరువాత వచ్చిన నివేదికలో హెచ్5, అంటే ఇనుము ఎక్కువుండే హెచ్ తరగతి, అని ఉంది. ఆలివిన్ అనే ఖనిజంలో ఫయలైట్ (దానిలోని ఇనుప భాగం) 18.6 శాతం, అంటే హెచ్ తరగతికి చెందిన 16 నుంచి 20 మధ్యలోనే. భూమ్మీద పడ్డాక ఎంత పాడైందో చెప్పే శైథిల్యపు స్థాయి డబ్ల్యూ3, అంటే లోహంలో 60 శాతానికి పైగా తుప్పుగా మారిపోయింది. ఇనుము తక్కువని నేననుకున్నది, ఇనుము ఎక్కువై తుప్పు పట్టిన రాయి. కోతలో పోయిన పొడి కూడా తీసేస్తే ఇప్పుడది 29.1 గ్రాములు తూగుతోంది. దానికి కొత్త చీటీ రాసి, ఎల్ఎల్ అని నేను రాసుకున్న పాత చీటీని కొట్టివేసి, రెండింటినీ ఒకే సంచిలో ఉంచాను.