డాలరు 125 నుంచి 414కి: యూలీ దూబొవ్ నవలను ఎలా చదవాలి

చెన్నైలో తెలుగు పుస్తకాలు చదివేవాళ్ళలో చాలామందికి రష్యా అంటే ఇప్పటికీ ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల రష్యానే. విశాలాంధ్ర వాళ్ళు తెప్పించి చవగ్గా అమ్మిన గట్టి అట్టల పుస్తకాలు, మాస్కోలో ఉండి ఉప్పల లక్ష్మణరావు గారు చేసిన అనువాదాలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ పోయాక అక్కడి ఉద్యోగస్తులకి, వాళ్ళ జీతాలకి, దాచుకున్న డబ్బుకి ఏమైందో చెప్పే నవలలు మాత్రం మన దాకా పెద్దగా రాలేదు. ఆ లోటు తీర్చే రచయిత యూలీ దూబొవ్, ఆ నవల ‘బల్షాయా పాయ్కా’ (పెద్ద వాటా). బ్యాంకుల్లోనో ఆడిట్ ఆఫీసుల్లోనో పనిచేస్తూ కథలు రాసే మనవాళ్ళు ఆయన్ని తప్పకుండా చదవాలి.

దూబొవ్ 1948లో పుట్టాడు. గణితం, కంప్యూటర్ నమూనాలు, నిర్ణయాల సిద్ధాంతం ఆయన రంగం. మాస్కోలోని సిస్టమ్స్ పరిశోధన సంస్థలో పనిచేశాడు. 1980లలో యెగోర్ గైదార్, ప్యోత్ర్ ఆవెన్ కూడా అక్కడే ఆర్థికవేత్తలు. తర్వాత గైదార్ రష్యా ఉపప్రధానిగా 1992 జనవరి 2న ధరల మీద ప్రభుత్వ అదుపు ఎత్తేశాడు. ఆవెన్ మంత్రి అయ్యి, ఆ పైన ఆల్ఫా బ్యాంకు అధ్యక్షుడయ్యాడు. దూబొవ్ మాత్రం వ్యాపారి బొరీస్ బెరెజోవ్‌స్కీ స్థాపించిన లోగోవాజ్ కంపెనీలో చేరి, దాని జనరల్ డైరెక్టర్ దాకా ఎదిగాడు. ఒకే సంస్థలో పనిచేసిన ముగ్గురిలో ఒకరు ధరలు వదిలారు, ఒకరు బ్యాంకు నడిపారు, ఒకరు ఆ కాలాన్ని నవలగా రాశారు. నాకు మూడో పనే విలువైనదనిపిస్తుంది.

లోగోవాజ్ 1989లో పుట్టింది. వోల్గా ఒడ్డున తొల్యాత్తి ఊళ్ళో లాడా కార్లు చేసే అవ్తోవాజ్ ఫ్యాక్టరీ, ఒక ఇటలీ కంపెనీ దాని భాగస్వాములు. అసలు వ్యాపారం కార్ల అమ్మకం. ఇందులోని లెక్క అర్థమైతే నవల సగం అర్థమైనట్టే.

1992 జూలైలో డాలరు సుమారు 125 రూబుళ్ళు. ఆ ఏడాది డిసెంబరు 31న 414 పైచిలుకు. ఊహకి ఒక కారు ధర 5 లక్షల రూబుళ్ళు అనుకోండి. జూలైలో డీలరు ఆ కారు అప్పు మీద తీసుకున్నాడు, ఏడాది చివర డబ్బు కడతానని కాగితం రాశాడు. కారు వారంలో అమ్ముడుపోయింది. లాభం ఒక్క రూబులు కూడా వేసుకోలేదనే అనుకుందాం. వచ్చిన 5 లక్షలతో 4,000 డాలర్లు కొని పక్కన పెట్టాడు. డిసెంబరు 31న ఫ్యాక్టరీకి అదే 5 లక్షలు కట్టడానికి 1,206 డాలర్లు మారిస్తే చాలు. 2,794 డాలర్లు అతని దగ్గరే మిగిలాయి. దొంగతనం లేదు, దొంగ సంతకం లేదు, బాకీ పూర్తిగా తీరింది. కానీ ఫ్యాక్టరీకి ఆ డబ్బుతో మళ్ళీ ఉక్కు, టైర్లు కొనే శక్తి పోయింది. 1992లో రష్యాలో ధరలు ఏడాదిలో 26 రెట్లయ్యాయి, అంటే సగటున నెలకి 31 శాతం. అలాంటి ఏడాదిలో గడువు ఒక నెల పొడిగిస్తే చాలు, ఎంత బేరమాడినా రాని లాభం వచ్చి పడుతుంది.

మరి ఫ్యాక్టరీ ఎందుకు ఒప్పుకుంది? నవల చదివేవాళ్ళు పట్టుకోవాల్సిన ప్రశ్న ఇదే. ఫ్యాక్టరీ ఎవరి సొంత ఆస్తీ కాదు. దాని నష్టం ఏ డైరెక్టరు జేబులోంచీ పోదు, డీలరు లాభంలో మాత్రం లోపలివాళ్ళకి వాటా ఉండొచ్చు. కాబట్టి బలయ్యేది ఫ్యాక్టరీ, జీతం కోసం ఎదురుచూసే కార్మికుడు.

1993–94లో ఇంకో అధ్యాయం నడిచింది. బెరెజోవ్‌స్కీ ముందుండి అవ్వా అనే సంస్థ పెట్టి, చవక కారు తయారుచేసే కొత్త ఫ్యాక్టరీ కడతామని జనానికి సర్టిఫికెట్లు అమ్మారు. సుమారు 5 కోట్ల డాలర్లు పోగయ్యాయి, ఫ్యాక్టరీ మాత్రం లేవలేదు. చెన్నై వాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 1990లలో ఎక్కువ వడ్డీ ఆశపెట్టిన ఫైనాన్స్ కంపెనీలు, ఆ తర్వాత మైలాపూర్ బెనిఫిట్ ఫండ్లు ఎలా మూతపడ్డాయో, డిపాజిటర్ల రక్షణకి తమిళనాడు 1997లో ప్రత్యేక చట్టం ఎందుకు తేవాల్సి వచ్చిందో టీ నగర్‌లో పెన్షన్ తీసుకునే ఏ తెలుగు పెద్దాయన్ని అడిగినా చెబుతారు.

ఈ సరుకుతో దూబొవ్ రాసిన నవల ‘బల్షాయా పాయ్కా’ 1999లో వచ్చింది. అప్పటికి ఏడాది ముందు, 1998 ఆగస్టు 17న, రష్యా ప్రభుత్వం తన రూబులు బాండ్ల మీద చెల్లింపులు ఆపేసింది. డాలరుకి 6 దగ్గరున్న రూబులు కొన్ని వారాల్లో 20 దాటింది. అలాంటప్పుడు చేతికొచ్చిన పుస్తకాన్ని పాఠకులు ఎంత మంటతో చదివి ఉంటారో ఊహించుకోవచ్చు. కథలో కంపెనీ పేరు ఇన్ఫోకార్, నాయకుడు ప్లాతోన్ మకోవ్‌స్కీ. పరిశోధన సంస్థ స్నేహితులు కలిసి వ్యాపారం మొదలుపెడతారు, డబ్బు పెరిగేకొద్దీ ఒక్కొక్కరే పోతారు. 2002లో పావెల్ లుంగిన్ దీన్ని ‘అలిగార్ఖ్’ పేరుతో సినిమా తీశాడు. సినిమా బాగుంటుంది, కానీ లెక్కలు చాలావరకు జారిపోయాయి. నవలే చదవండి. దూబొవ్ తర్వాత లండన్ వెళ్ళిపోయాడు. రష్యా అప్పగించమని కోరినా 2003లో బ్రిటన్ ఒప్పుకోలేదు. బయటివాడు పరిశోధించి రాసిన పుస్తకం కాదని గుర్తుంచుకుని చదవాలి. రచయితకి ఆ మనుషుల మీద ప్రేమ ఉంది, కొన్నిచోట్ల వాళ్ళని వెనకేసుకొస్తాడు కూడా.

డబ్బు మీద రాసే తెలుగు కథలు ఎక్కువగా చెడిపోయేది ఇలాంటి లెక్క చూపించకపోవడం దగ్గరే. ‘కోట్లు మింగాడు’ అని రాసేస్తాం. ఎలా మింగాడో ఉండదు. పాఠకుడికి మూడు సంగతులు తెలియాలి: ఎవరు ఎవరికి బాకీ, గడువు ఎప్పుడు, ఈ మధ్యలో ఏ ధర మారింది. ఈ మూడూ ఒక మాటల సన్నివేశంలో పట్టాలి. మేనేజరు ఉపన్యాసంలో పెడితే పాఠకుడు ఆ పేజీ తిప్పేస్తాడు. గడువు పొడిగించమని అడగడానికి వచ్చినవాడి నోటా, ఒప్పుకోవడానికి భయపడుతున్న గుమాస్తా నోటా రావాలి. తేదీ లేకుండా మొత్తం రాయొద్దు. 1992 జూలైలో 5 లక్షల రూబుళ్ళు, డిసెంబరులో 5 లక్షల రూబుళ్ళు వేర్వేరు డబ్బులు.

బ్యాంకులో పనిచేస్తూ రాసేవాళ్ళకి ఇంకో జాగ్రత్త. ఖాతాదారు వివరాలు బయటపెట్టకూడదు, అది ఉద్యోగ ధర్మం, చట్టం కూడా. పేరు, ఊరు, వ్యాపారం మార్చండి. అంకెలు కూడా మార్చండి, నిష్పత్తి మాత్రం చెదరనివ్వకండి. అసలు అప్పు 40 లక్షలు, తాకట్టు పెట్టిన స్థలం నిజంగా పలికేది 10 లక్షలు అయితే కథలో 12 లక్షలు, 3 లక్షలు అని రాసుకోవచ్చు. 12 లక్షలకి 9 అని రాస్తే, స్థలానికి విలువ కట్టే వాల్యూయరు సంతకం పెట్టడానికి ఎందుకు తటపటాయించాడో పాఠకుడికి అంతుపట్టదు.