ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ పరీక్ష: తేదీ ఫంక్షన్లకు నేను సిద్ధమైన తీరు

అమలాపురంలో ఇంటి దగ్గరే ఉండి ఒరాకిల్ డేటాబేస్‌తో పని చేసే భాష అయిన ఎస్‌క్యూఎల్ సర్టిఫికేషన్‌కు చదివిన రోజుల్లో నేను ఎక్కువ సమయం పెట్టింది తేదీ, సమయం ఫంక్షన్ల మీదే. వాటి పేర్లు బట్టీ పట్టడం కంటే, తప్పు జవాబు ఇస్తున్న క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) లోపం ఎక్కడుందో పట్టుకోవడం నేర్చుకోవాలని తోటి అభ్యర్థులకు గట్టిగా చెబుతాను.

అభ్యాసానికి గోదావరి వరదనే తీసుకున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది జారీ చేస్తారన్నది లంక గ్రామాల వారికి కంఠోపాఠం. గంటగంటకూ మారే మట్టాన్ని ఊహించి ఒక టేబుల్ నింపుకుని, జూలై 1కి, 31కి మధ్య ఉన్న వరుసలను 'బిట్వీన్'తో అడిగి చూశాను. 31వ తేదీకి సంబంధించి అర్ధరాత్రి 12 గంటల వరుస ఒక్కటే వచ్చింది. ఆ పగలంతా పెరిగిన నీటి లెక్క రాలేదు. ఒరాకిల్‌లో డేట్ రకపు కాలమ్ సెకన్లతో సహా సమయాన్ని ఎప్పుడూ దాచుకుని ఉంటుంది, మనం రాసిన ఒట్టి తేదీనేమో ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రిగా తీసుకుంటుంది. జూలై 1 లేదా ఆ తరువాత, ఆగస్టు 1 కంటే ముందు అని షరతు రాస్తే ఒక్క వరుస కూడా జారిపోదు. తేదీలోని సమయాన్ని తీసేసే ట్రంక్ ఫంక్షన్‌తోనూ పని జరుగుతుంది గాని, కాలమ్‌కు దానిని తగిలిస్తే వరుసలను త్వరగా వెతికిపెట్టే మామూలు ఇండెక్స్ సాధారణంగా అక్కరకు రాదు కనుక మొదటి పద్ధతే మేలు.

జవాబు తేడాగా కనిపించగానే, తేదీని మనం కోరిన రూపంలో అక్షరాలుగా మార్చే టు_చార్‌తో గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా తెర మీదకు తెప్పించుకోండి. అక్కడ నిమిషాలకు 'ఎంఐ' బదులు 'ఎంఎం' రాస్తే ఎర్రర్ ఏదీ రాకుండానే నిమిషాల స్థానంలో నెల సంఖ్య వచ్చి కూర్చుంటుంది.

తేదీకి నెలలు కలిపే యాడ్_మంత్స్‌ను ప్రత్యేకంగా సాధన చేయండి. 2023 ఫిబ్రవరి 28కి ఒక నెల కలిపితే వచ్చేది మార్చి 28 కాదు, 31. ఇచ్చిన తేదీ నెలాఖరు అయితే ఫలితం కూడా నెలాఖరే అవుతుంది. ఆ ఫంక్షన్ బదులు జనవరి 31కి ఒక నెల ఇంటర్వల్‌ను (కాలవ్యవధిని) కూడితే మాత్రం, అలాంటి తేదీ లేదని 01839 ఎర్రర్ వస్తుంది.

ఇప్పటి తేదీ, సమయం చెప్పే రెండు ఫంక్షన్లలో సిస్‌డేట్ డేటాబేస్ ఉన్న సర్వర్ గడియారాన్ని, కరెంట్_డేట్ మన సెషన్ (డేటాబేస్‌తో మన కనెక్షన్) టైమ్ జోన్‌ను అనుసరిస్తాయి. సర్వర్ మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో ఉంటే, మన తెల్లవారుజామున 5:30 లోపు సిస్‌డేట్ ఇంకా నిన్నటి తేదీనే చూపిస్తుంది.