బేగి అని కొడితే బ్యాగ్ వచ్చింది

కిందటేడు మా చెల్లికి ఫోనులో "బేగి రా" అని కొట్టాను, త్వరగా రా అని. వెళ్ళింది మాత్రం "బ్యాగ్ రా" అని. "ఏ బ్యాగక్కా, నల్లదా?" అని అది తిరిగి అడిగింది. నవ్వుకున్నాం గానీ నాకు లోపల మండింది. మా సిక్కోలు, అంటే శ్రీకాకుళం, మాట ఒక్కటి కూడా ఈ ఫోను సరిగ్గా పోనివ్వదు. నేను తెలివితక్కువగా రాసినట్టు పక్కనుంచి దిద్దుతూనే ఉంటుంది.

అసలు సంగతి ఏంటంటే, మా అమ్మ మాటలు నేను కొన్నేళ్ళుగా నోటుబుక్కుల్లో రాస్తున్నాను. సామెతలు, తిట్లు, ఊడుపుల పాటలు, పలాస వైపు జీడితోటల్లో వాడే మాటలు, ఇలా ఆరు నోటుబుక్కులు నిండాయి. ఒకసారి వాటిలో ఒకటి డీటీపీ చేయించాను, అంటే అచ్చుకోసం కంప్యూటరులో కొట్టించాను. ఆ కుర్రాడు మంచివాడే, పని కూడా వేగమే, కానీ "పోనాది" అని ఉన్నచోటల్లా "పోయింది" అని కొట్టి ఇచ్చాడు. అడిగితే "తప్పులు దిద్దేను మేడమ్, దానికి డబ్బులేం తీసుకోలేదు" అన్నాడు. పైగా ఫైలు అను ఫాంటులో ఉంది. అచ్చు వేసే చోట అది బాగానే పని చేస్తుంది, నా ఫోనులో తెరిస్తే మాత్రం అన్నీ పిచ్చి గుర్తులే. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత నంబరు ఉండదు, ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టి ఉంటాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ బొమ్మలు మాయమై కింద ఉన్నవి బయటపడతాయి. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది, అందులో రాస్తే ఈ గొడవ లేదు, ఏ ఫోనులో తెరిచినా క క లాగే ఉంటుంది.

అప్పుడు అనుకున్నాను, నా చేత్తో నేనే కొట్టుకుంటానని. ల్యాప్‌టాప్ కొనొచ్చు, కానీ అమ్మ మంచం మీద పడుకుని మాట్లాడుతుంటే నేను పక్కన కూర్చుని రాసుకోవాలి, కొన్నిసార్లు రికార్డు చేయాలి, పాత ఫొటోలు చూపించాలి. అందుకని కీబోర్డు డాకుతో, అంటే తెరకి తగిలించి ఊడదీసుకునే కీబోర్డుతో, వచ్చే విండోస్ టాబ్లెట్ తీసుకున్నాను, పది అంగుళాలది, ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక షాపులో. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే దాన్ని కాసేపట్లో తిట్టబోతున్నాను.

ఇంటికి తెచ్చి పెట్టెలోంచి తీసి, డాకు నుంచి తెరను పట్టుకుని లాగాను. టక్‌మని ఊడింది. అమ్మ గుండె మీద చెయ్యేసుకుని "ఓలమ్మో, ఇరిగిపోనాదేటే!" అంది. విరగలేదమ్మా, అదంతే, అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది అని మళ్ళీ పెట్టి చూపించాను. ఇంకా నమ్మలేదు. ఇప్పటికీ నేను ఊడదీస్తే అటు తిరిగి పడుకుంటుంది.

డాకు గురించి ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, షాపువాళ్ళు చెప్పరు. తెర కింది అంచున చిన్న చిన్న ఇత్తడి రంగు చుక్కలుంటాయి, డాకులో వాటికి ఎదురుగా పిన్నులుంటాయి. కీబోర్డుకి కరెంటూ, మనం నొక్కే అక్షరాలూ అటూ ఇటూ వెళ్ళేది వాటిలోంచే. బ్లూటూత్ కీబోర్డులా దీన్ని జత చేసుకోవడం, విడిగా చార్జింగ్ పెట్టుకోవడం ఉండదు. మూడో రోజు నా కీబోర్డు పనిచేయడం మానేసింది. టెన్షన్ పడి విశాఖలో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేస్తే "అత్తా, ముందు ఆ చుక్కలు పొడిగుడ్డతో తుడు" అన్నాడు. తుడిస్తే గుడ్డకి పసుపు అంటింది. వంటింట్లోంచి అదే చేత్తో వచ్చి పట్టుకున్నానన్న మాట.

బ్యాటరీ అంతా తెరలోనే ఉంది, నా డాకులో లేదు. అన్నిటికీ ఇలాగే ఉండదు. 2011లో ఏసుస్ వాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ అనే ఆండ్రాయిడ్ టాబ్లెట్ తెచ్చినప్పుడు దాని డాకులో విడిగా ఒక బ్యాటరీ పెట్టారు, తగిలిస్తే అదే తెరకి కూడా చార్జింగ్ ఇచ్చేది, యూఎస్‌బీ పోర్టులు కూడా ఉండేవి. అలాంటిది మళ్ళీ ఎందుకు అంతగా రావడం లేదో గానీ, మా వైపు మనుషులకి కావాల్సింది అదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా అమ్మ పుట్టింటివైపు రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే టైప్ సీ పోర్టుతో పవర్ బ్యాంకు నుంచి కూడా చార్జ్ అయ్యేదే కావాలని పట్టుబట్టాను. ఒక జాగ్రత్త చెప్పాలి. పాత ఫోను చార్జరు పెడితే పిన్ను పడుతుంది కానీ స్లో చార్జర్ అని ఒక మాట చూపిస్తుంది. రాత్రంతా పెట్టినా నిండదు. దాంతో వచ్చిన చార్జరు గానీ, పీడీ (పవర్ డెలివరీ) అని రాసి ఉన్న తగినంత వాట్ల చార్జరు గానీ వాడాలి.

ఇంక తిట్టు. ఒళ్ళో పెట్టుకుంటే వెనక్కి పడిపోతుంది. యంత్రం మొత్తం తెరలోనే ఉండి కీబోర్డు అట్టముక్కలా తేలిగ్గా ఉంటే పడక ఏం చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో బరువు కిందుంటుంది, ఇందులో పైనుంటుంది. నేను పీట మీద పెట్టుకుంటున్నాను, అమ్మ బియ్యం చేటకి వాడే పీట.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు రెండు చిక్కుల్లో పడ్డాను. ఇంట్లో వైఫై లేదు, ఫోను హాట్‌స్పాట్ ఇచ్చాను, సరేలే మెయిల్ ఐడీ పెట్టడానికే కదా అని. విండోస్ 11 హోమ్ మొదట్లోనే ఇంటర్నెట్టూ మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. అడిగింది ఇచ్చాను. వెనకాల అది అప్‌డేట్లు దింపుకోవడం మొదలుపెట్టి, భోజనం చేసి వచ్చేసరికి నా ఆ రోజు డేటా ఒకటిన్నర జీబీ మింగేసింది. ముందే నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ కనెక్షన్, అంటే డేటా పొదుపుగా వాడాల్సినది, అని మార్చి ఉంటే చాలా వరకు ఆగేది. అప్‌డేట్లు మాత్రం చేయించాల్సిందే, మా తమ్ముడింటికి తీసుకెళ్ళి వాళ్ళ వైఫైలో ఒక పూట వదిలేశాను.

రెండోది, మా మేనల్లుడు పంపిన ఒక ప్రోగ్రామ్ ఎక్కించబోతే, స్టోరులో ఉన్నవే ఎక్కించుకోవాలంది. ఇది ఎస్ మోడ్. చవక యంత్రాల్లో ఇలా పెట్టి అమ్ముతారు. స్టోరులోకి వెళ్ళి డబ్బు కట్టకుండానే దాంట్లోంచి బయటపడొచ్చు, కానీ మళ్ళీ వెనక్కి వెళ్ళలేం. ఆలోచించుకుని నొక్కండి. నాకైతే అది తీసేశాకే ఊపిరాడింది.

64 జీబీ అని పెట్టె మీద రాసుంటే లోపల 60 కూడా చూపించడం లేదని షాపుకి వెళ్ళి దెబ్బలాడదామనుకున్నాను. అది మోసం కాదట. కంపెనీ లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 107 కోట్ల 37 లక్షలు. కొలపాత్ర పెద్దదైతే అవే గింజలు తక్కువ పాత్రలకు వస్తాయి, అంతే. కానీ అందులో విండోసే బోలెడు తినేస్తుంది, అది మాత్రం చెప్పి అమ్మాలి. రికార్డింగులు దాచడానికి మెమరీ కార్డు వేరే కొన్నాను.

సరే, తెలుగు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్, అక్కడ తెలుగుని చేర్చాలి. చేర్చాక ఇంగ్లీషుకీ తెలుగుకీ మారడానికి విండోస్ గుర్తున్న కీ పట్టుకుని స్పేస్ నొక్కితే చాలు. తెలుగులో రెండు కీబోర్డులు దొరుకుతాయి. ఒకటి ఫొనెటిక్, 2019లో విండోస్ 10కి వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారుస్తుంది. అందరూ ఇదే సుఖం అన్నారు. వారం వాడాను. "పోనాది" అని కొడదామంటే "పోనాడి" అని ముందుకొస్తుంది, కిందున్న వరసలోంచి వెతికి ఎంచుకోవాలి. మామూలు పుస్తకం తెలుగు రాసేవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు, వాళ్ళు ఇదే వాడుకోవచ్చు. నాకు మాత్రం మళ్ళీ ఆ డీటీపీ కుర్రాడే కనిపించాడు, నేను ఏం చెప్పాలనుకుంటున్నానో నాకన్నా ముందే తెలిసినట్టు.

రెండోది ఇన్‌స్క్రిప్ట్. చూస్తే భయం వేస్తుంది, నిజమే. కానీ దాని లెక్క తెలిస్తే అందం కనిపిస్తుంది. అచ్చుల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కే నొక్కితే క, షిఫ్ట్ పట్టి అదే నొక్కితే ఖ. ఐ నొక్కితే గ, షిఫ్ట్‌తో ఘ. డీ అంటే పొల్లు, ఒత్తు కావాలంటే మధ్యలో అది పెట్టాలి. తెలుగు అని కొట్టాలంటే ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ. శ్రీకాకుళం అంటే షిఫ్ట్ ఎమ్, డీ, జే, ఆర్, కే, ఈ, కే, జీ, షిఫ్ట్ ఎన్, ఎక్స్. బేగి అంటే వై, ఎస్, ఐ, ఎఫ్. నాలుగు నొక్కులు, నాలుగు ముక్కలు, దిద్దేవాడు లేడు, బ్యాగ్ లేదు! నేను ఏది నొక్కితే అదే పడుతుంది, తప్పు నొక్కితే తప్పే పడుతుంది, ఆ తప్పు కూడా నాదే.

తెర మీద వేలితో కొట్టేటప్పుడు ఇది కుదరదు. వేళ్ళకి చోటు తెలియదు, చూసి చూసి నొక్కాలి. ఎఫ్ మీదా జే మీదా చిన్న గీతలుంటాయి చూశారా, చూపుడు వేళ్ళు అక్కడ ఆనితే మిగతావి వాటంతటవే వాటి చోట్లకి వెళ్తాయి. డాకు ఉన్నందుకు నాకు దక్కిన అసలు లాభం ఈ రెండు గీతలే అంటాను.

అక్షరాల స్టిక్కర్లు కొందామనుకుని మానేశాను, మూసినప్పుడు తెరకి గీతలు పడతాయేమోనని. పాత క్యాలెండరు వెనక కీబోర్డు బొమ్మ గీసి గోడకి అంటించాను. మొదటి పది రోజులు నరకం. ఒక పేజీకి గంట పట్టింది. ఇచ్ఛాపురంలో మా స్నేహితురాలు ఒరియా కొడుతుంది, దానికి ఫోన్ చేసి ఏడిస్తే "నీ క ఎక్కడుందో నా క కూడా అక్కడే ఉంది, మూడు నెలలు ఓపిక పట్టు" అంది. నిజమే, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖాయం చేసిన వరస ఇది, తెలుగుకీ ఒరియాకీ హిందీకీ క ఒకే చోట. అది చెప్పిన మూడు నెలలు పట్టలేదు, నెల రోజులకే వేళ్ళు దారి పట్టాయి.

ఒక్క చిక్కు మాత్రం పోలేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ొ గుర్తు అంకె 1కి ఎడమ పక్కన ఉన్న కీ మీద ఉంటుంది. పెద్ద కీబోర్డులో అది నిండుగా ఉంటుంది. ఈ పది అంగుళాల డాకులో చోటు చాలక ఎస్కేప్ పక్కన సగం చేసి ఇరికించారు. కొ, పొ, దొ ఏది రావాలన్నా చిటికెన వేలు అక్కడి దాకా వెళ్ళి దాన్ని వెతుక్కోవాలి, గురి తప్పితే ఎస్కేప్ పడుతుంది. కొనేముందు షాపులో ఆ ఒక్క కీ ఎంత ఉందో చూసుకోండి. నాకెవరూ చెప్పలేదు.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా. ఆయన పుట్టింది మా శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడి, కొండల్లో సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకున్న మనిషి. ఆయన ఫొటోకి దండ వేసిన సభలోనే మైకు ముందు ఎవరైనా ఏమిటి అనకుండా "ఏటి" అంటే వెనక నవ్వులు వినిపిస్తాయి. నేనే ఒకసారి నవ్వాను, పెళ్ళికాక ముందు, పట్నం చదువు కొత్తగా ఎక్కిన రోజుల్లో.

రాత్రి భోజనాలయ్యాక పీట వేసుకుని కూర్చుంటాను. అమ్మ చెప్తుంది, నేను కొడతాను, ఆఖర్న చదివి వినిపిస్తాను. మొన్న ఒక చోట నేనే అలవాటులో "చెప్పాడు" అని కొట్టేశానట. "నానలగ అన్నానేటే? సెప్పినాడు అన్నాను" అంది కళ్ళు మూసుకునే. దిద్దాను. ఇప్పుడు మూడో నోటుబుక్కులో ఉన్నాను. ఎస్కేప్ పక్కనున్న ఆ సగం కీ అప్పుడే కాస్త గట్టిగా నొక్కాల్సి వస్తోంది. ఏం చేయను, మా అమ్మ ఏ కథ మొదలెట్టినా రెండో మాటకల్లా "నా కొడుకు" వచ్చేస్తాడు, మా తమ్ముడు.