టైలర్‌కి చొక్కా

మా బావ, అంటే మా ఆయన, జెంట్స్ టైలర్. శ్రీకాకుళంలో జీటీ రోడ్డుకి ఆనుకున్న సందులో చిన్న షాపు. డిసెంబరు వచ్చిందంటే ఇంట్లో మనిషి కనిపించడు. ముందు క్యారల్స్ కుర్రాళ్లకి ఒకే రంగు చొక్కాలు, తర్వాత సెమీ క్రిస్మస్‌కి, ఆ తర్వాత అసలు పండగకి. 24 రాత్రి పదకొండు దాటాక ఆఖరి ప్యాకెట్ ఇచ్చి, షట్టర్ దించి, ఇంటికొచ్చి నాలుగు చెంబులు నీళ్లు పోసుకుని, కాసేపు నడుం వాల్చి, తెల్లవారుజాము ఆరాధనకి నిరుటి చొక్కాతోనే వస్తాడు. మా పెళ్లయి పన్నెండేళ్లు. ఏటా ఇంతే. జుట్టులో ఎక్కడో ఒక దారం ముక్క ఉండిపోతుంది, చర్చి మెట్ల దగ్గర నేను తీస్తాను.

ఈ ఏడాది నాకు జీతం చేతికొచ్చాక వచ్చిన మొదటి క్రిస్మస్. ఆ జీతం ఎలా వచ్చిందో చెప్పకపోతే ఈ చొక్కా సంగతి అర్థం కాదు.

2018 డీఎస్సీలో, అదే టీచరు పోస్టుల పరీక్షలో, కొద్దిలో పోయింది. పెద్దోడికి అప్పటికి మూడేళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకి పైగా నోటిఫికేషన్ లేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులన్నారు, ఎన్నికలొచ్చి అది ఆగిపోయింది. జూన్‌లో 16,347 అన్నారు, ఆ నోటిఫికేషన్ వచ్చేసరికి 2025 ఏప్రిల్ 20. మధ్యలో ఆ పది నెలలూ చదివిందే చదవడం, ఎప్పుడొస్తుందో తెలియక టెన్షన్. ఒకరోజు రాత్రి పుస్తకాలన్నీ అట్టపెట్టెలో పడేసి, ఇక నా వల్ల కాదని ఏడ్చాను. బావ ఏమీ అనలేదు. తెల్లవారి నాలుగింటికి ఎప్పటిలాగే టీ గ్లాసు తెచ్చాడు. పెట్టెలోంచి సైకాలజీ పుస్తకం ఒక్కటి తీసి, దాని పక్కన గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు.

తను పదో తరగతి వరకే చదివాడు. రాత్రిళ్లు ఇంటికి తెచ్చుకున్న చొక్కాలకి గుండీలు కుడుతూ, ఒళ్లో బిట్ల పుస్తకం తెరిచి పెట్టుకుని నన్ను ప్రశ్నలు అడిగేవాడు. జవాబు తప్పు చెబితే సూది ఆపి నా వైపు చూసేవాడు, అంతే. అలా అడిగీ అడిగీ, పిల్లల బుద్ధి ఎలా ఎదుగుతుందో పియాజే చెప్పిన దశలు తనకే నోటికొచ్చేశాయి. మా చిన్నది ఏదో మొండికేస్తే, "ఇంకా మూర్త ప్రచాలక దశకి రాలేదు కదా, వదిలెయ్" అనేవాడు. సందులో వాళ్లు "ఇద్దరు పిల్లల తల్లికి ఇప్పుడు ఉజ్జోగమేటి?" అంటే, "తను చదువుతాది, నేను కుడతాను, మీకేటి ఇబ్బంది?" అని నవ్వేసేవాడు. సెప్టెంబరు 25న నియామక పత్రం అందింది. అక్టోబరులో పాలకొండ వైపు ఒక ఊళ్లో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేరాను.

కాబట్టి ఈ క్రిస్మస్‌కి బావకి ఏదైనా ఇవ్వాలి. ఏదో ఒకటి కాదు, తను ఎప్పటికీ తనకోసం కొనుక్కోనిది.

వాచీ అనుకున్నాను. మిషన్ దగ్గర కూర్చుంటే గుడ్డకి తగులుతుందని వాచీ తీసి డబ్బాలో పడేస్తాడు. ఫోన్ అనుకున్నాను. ఉన్నదే సరిగా చూడడు. కొత్త మోటారు మిషన్ చాలా రోజులు మనసులో తిరిగింది. కానీ అది షాపుకి పెట్టుబడి. ఇన్నేళ్లూ నా కోసం రాత్రిళ్లు కుట్టిన మనిషికి ఇంకా కుట్టమని మిషన్ తెచ్చివ్వడం నాకు నచ్చలేదు. కత్తెర సంగతి అడగక్కర్లేదు. పని నేర్పిన మాస్టారు ఇచ్చిన కత్తెర ఉంది, దాన్ని పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక రిటైర్డ్ ఉద్యోగి చొక్కా కుట్టమని పొందూరు ఖాదీ తెచ్చిచ్చాడు. బావ ఆ గుడ్డని ఇంటికి పట్టుకొచ్చాడు, కేవలం నాకు చూపించడానికి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది, నా చేతికిచ్చి, "చూడు, ఇది మిల్లు గుడ్డలా జారిపోదు, వేలిని పట్టుకుంటాది" అన్నాడు. ఆ రాత్రి కత్తెర పెట్టడానికి భయపడి మర్నాడు పొద్దున్న పగటి వెలుతుర్లో కోశాడు. తనకి అలాంటిది కావాలని మాత్రం అనలేదు.

డిసెంబరు 13, రెండో శనివారం. ఆమదాలవలసలో రైలెక్కాను. మధ్యలో దూసి, ఆ తర్వాత పొందూరే. జిల్లాలో పుట్టి పెరిగినా ఆ ఊళ్లో ఎప్పుడూ దిగలేదు. గాంధీగారు ఈ గుడ్డ సంగతి విని కొడుకు దేవదాస్ గాంధీని చూసి రమ్మని పంపారని చిన్నప్పుడు బళ్లో చెప్పారు, అక్కినేని నాగేశ్వరరావుగారు పొందూరు పంచెలే కట్టేవారని అమ్మ చెప్పేది. నాకు తెలిసింది అంతవరకే.

ఒక వీధి అరుగు మీద ఒక ముసలామె కూర్చుని పత్తి దువ్వుతోంది. దగ్గరికెళ్లి చూస్తే చేతిలో ఉన్నది దువ్వెన కాదు, చేప దవడ. వాలుగ చేపది. సన్నటి పళ్లు ఒత్తుగా, వరసగా ఉన్నాయి. గింజకి అంటుకున్న పత్తిని ఎడమచేత్తో పట్టుకుని, ఆ పళ్లతో పైపైన లాగుతుంటే చెత్తా నలకా రాలిపోయి, పోగులన్నీ పాపాయి జుట్టులా ఒకవైపుకి తిరుగుతున్నాయి. ఒక్కో గింజనీ అలాగే దువ్వాలి. ఆ తర్వాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, అప్పుడు గానీ రాట్నం ఎక్కదు. అంత సన్నటి నూరో నంబరు నూలు ఈ చేతుల్లోంచే వస్తుంది. ఇనప దువ్వెనతో చేయకూడదా అని అడిగాను. "ఇనుమైతే పోగు తెగిపోద్దమ్మా. దీనికైతే ఒదుగుతాది" అంది. నేను చూస్తున్నంతసేపట్లో ఆమె ఒడిలో పోగైన దూది గుప్పెడు కూడా లేదు.

"ఎవులికి కొంతన్నావు? మీ నాన్నకా?"

"మా ఆయనకి, మామ్మా. టైలర్."

ఆమె చెయ్యి ఆపి నన్ను చూసింది. "టైలరా! అయితే గుడ్డ ఇలవ తెలుస్తాది."

తెల్లది మూడు మీటర్లు తీసుకున్నాను. చేనేత గుడ్డకి పన్నా, అంటే వెడల్పు, తక్కువైతే ఎక్కువ మీటర్లు కావాలని బావ దగ్గర విన్నదే. ధర నా పెళ్లి తర్వాత నేను కొనుక్కున్న ఏ చీరకన్నా ఎక్కువే. ఆ దవడ, ఆ గుప్పెడు దూది చూశాక బేరమాడబుద్ధి కాలేదు.

కొన్నాక అసలు చిక్కు మొదలైంది. గుడ్డ చేతికిస్తే తను ఏం చేస్తాడో నాకు తెలుసు. జాగ్రత్తగా మడిచి బీరువాలో పెడతాడు. "సంక్రాంతికి చూద్దాం" అంటాడు. సంక్రాంతికి మళ్లీ ఊరందరి బట్టలు. అందుకని కుట్టించే ఇవ్వాలి. కానీ ఎవరి చేత? పక్క షాపులో ఇస్తే సాయంత్రానికల్లా బావకి తెలిసిపోతుంది.

తిరుగు రైల్లో ఆమదాలవలసలో దిగాక నేరుగా మాస్టారింటికి వెళ్లాను. బావకి పని నేర్పింది ఆయనే. కళ్లు ఆనక షాపు మానేసి నాలుగేళ్లయింది, మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. గుడ్డ తీసి ఒడిలో పెట్టుకుని చాలాసేపు తడిమారు. కొలతకని సంచిలో పెట్టుకెళ్లిన బావ పాత చొక్కా ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టేశారు.

"ఇది వాడు తనకి తను కుట్టుకున్నదమ్మా. తన వీపు తనకేం కనిపిస్తుంది? వాడి కుడి భుజం అరంగుళం దిగి ఉంటుంది. మిషన్ మీదకి ఒరిగి ఒరిగి అలాగైపోయింది. పదిహేనేళ్లప్పుడు నా దగ్గర చేరినప్పటి నుంచి నిటారుగా కూచోరా అంటూనే ఉన్నాను."

పన్నెండేళ్లు పక్కన నడిచాను. ఆ అరంగుళం నేనెప్పుడూ చూడలేదు. బావ షాపులో కొలతల పుస్తకం ఉంది, ఊళ్లో సగం మంది మగవాళ్ల మెడ, ఛాతీ, చేతుల పొడవు అందులో ఉన్నాయి. తన పేజీ లేదు. ఆ సంగతీ మాస్టారింట్లో కూర్చున్నప్పుడే తట్టింది.

ఆయన గుడ్డని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, పగలే కోసి, పగలే కుట్టారట. కాలర్ నిలబడ్డానికి లోపల వేసే బకరం గుడ్డ పలచటిది వేశారు. కాజాలు చేత్తో కుట్టారు. 23న బడి నుంచి నేరుగా వెళ్లి తెచ్చుకున్నాను. డబ్బులివ్వబోతే నా చెయ్యి మూసేశారు. ఇల్లు చేరేదాకా పిల్లల నోటు పుస్తకాల సంచిలో దాచాను.

24 రాత్రి పదకొండున్నరకి వచ్చాడు. మంచం మీద ప్యాకెట్ చూసి గాభరా పడ్డాడు. "ఇది ఎవరిది? డెలివరీ మర్చిపోయానా?"

"నీదే బావా."

నమ్మలేదు. విప్పాడు. ముందు చొక్కా వైపు చూడలేదు, అలవాటు కొద్దీ లోపలి కుట్టు తిరగేశాడు. తర్వాత కాలర్ కింద వేలు పెట్టాడు. తర్వాత పై నుంచి రెండో కాజాని బొటనవేలితో మెల్లగా రాశాడు.

"మాస్టారు," అన్నాడు.

అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. గుడ్డ పొందూరుదని నేను చెప్పనక్కర్లేదు. వేళ్లు అప్పటికే గుర్తుపట్టాయి. నేనూ పక్కన కూర్చున్నాను. బయట గుమ్మానికి కట్టిన నక్షత్రం వెలుగు చొక్కా మీద ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా పడుతోంది. నన్ను చూసి ఏదో అనబోయి, గొంతు పట్టుకుపోయి, నా తల మీద చెయ్యి పెట్టాడు.

తెల్లవారుజామున అద్దం ముందు వేసుకున్నప్పుడు భుజం మీద ఒక్క ముడత లేదు. వెనక్కి తిరగమని చూశాను. మాస్టారు చెప్పింది నిజమే, కుడివైపు అరంగుళం.

పండగ సాయంత్రం కేకూ, నేను చేసిన పోకుండలూ డబ్బాలో పెట్టుకుని పిల్లలతో సహా మాస్టారింటికి వెళ్లాం. ఆయన కేకు ముట్టలేదు. బావని దీపం కిందికి లాగి, వెనక్కి తిప్పి, చొక్కా అంచు పట్టుకుని కిందికి గుంజారు. చేతులు పైకెత్తమన్నారు. కళ్లు దగ్గరగా పెట్టి చంక కుట్టు చూశారు.

"రెండు ఉతుకులయ్యాక మళ్లీ తీసుకురా," అన్నారు. "చేతి పొడవు చూడాలి."

"అలాగే మాస్టారూ," అని బావ నిటారుగా నిలబడ్డాడు.