"చేపలు పట్టడం ఇష్టం" అని రాసుకుని బోల్తా పడ్డాను

మా అమ్మకి నా ఉద్యోగం ఏంటో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ఎవరైనా అడిగితే హాస్పిటల్లో పేషెంట్లని ఆడిస్తుంది అని చెప్తుంది, మా మావయ్యేమో దానికి అమెరికా దాకా వెళ్ళి మాస్టర్స్ చెయ్యాలా అన్నాడు. నిజానికి ఇంటర్న్‌షిప్ మొదట్లో నేను చేసింది కూడా దాదాపు అదే. ఈమధ్య నేను చదివిన థెరప్యూటిక్ రిక్రియేషన్ కోర్సు గురించి ముగ్గురు నలుగురు మెసేజ్ పెట్టారు, తిప్పి తిప్పి అందరూ అడిగేది ఒకటే, ఒక్కో క్లయింట్‌కి విడిగా ప్లాన్ ఎలా రాస్తారు అని, అందుకని నేను తప్పు రాసిన ప్లాన్ గురించే చెప్తా.

ముందు రెండు ముక్కలు. థెరప్యూటిక్ రిక్రియేషన్ అంటే జబ్బు వల్లో దెబ్బ వల్లో పోయిన శక్తిని మనిషికి ఇష్టమైన పనుల ద్వారానే వెనక్కి తెచ్చే ప్రయత్నం. ఇక్కడ అమెరికాలో సీటీఆర్ఎస్ (సర్టిఫైడ్ థెరప్యూటిక్ రిక్రియేషన్ స్పెషలిస్ట్) అనే సర్టిఫికేషన్ ఉంటుంది, ఎన్‌సీటీఆర్‌సీ అనే సంస్థ పెట్టే పరీక్ష రాయాలి, మామూలు డిగ్రీ దారిలో వచ్చేవాళ్ళు దానికి ముందు 560 గంటల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, తక్కువలో తక్కువ 14 వారాలు, అదీ సీటీఆర్ఎస్ ఉన్నవాళ్ళ కిందే. క్లాసులో ఏపైడ్ (APIED) అని బట్టీ పట్టిస్తారు, అసెస్‌మెంట్, ప్లానింగ్, ఇంప్లిమెంటేషన్, ఇవాల్యుయేషన్, డాక్యుమెంటేషన్. పరీక్షలో ఇది రాసేసి బయటికి రావచ్చు, వార్డులో మాత్రం మొదటి అక్షరం దగ్గరే కాలు జారుతుంది.

నేను చేసింది ఒక రీహాబ్ హాస్పిటల్లో. నాకిచ్చిన మూడో క్లయింట్ ఒక పెద్దాయన, బ్రెయిన్ కుడి వైపు స్ట్రోక్, ఎడమ చెయ్యి బాగా వీక్, దాంతోపాటు లెఫ్ట్ నెగ్లెక్ట్. అంటే కళ్ళు బానే ఉంటాయి కానీ ఎడమ పక్కన ఒక ప్రపంచం ఉందన్న సంగతే బుర్రకి తట్టదు. మొదటి రోజు లంచ్ టైమ్‌లో వెళ్ళా, ప్లేట్లో కుడి సగం నాకినట్టు ఖాళీ, ఎడమ సగంలో ఆలుగడ్డ ముద్ద, బీన్స్ అలాగే ఉన్నాయి, ఆయనేమో ఈ హాస్పిటల్లో కడుపు నిండా పెట్టరు అని నా మీద విసుక్కుంటున్నారు. నేను ప్లేటు తిప్పి పెట్టా, ఆశ్చర్యంగా చూసి మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

అసెస్‌మెంట్ ఫారంలో ఇంట్రెస్ట్స్ అని ఒక లిస్టు ఉంటుంది, టిక్కులు పెట్టుకుంటూ పోవడమే. ఆయన ఫిషింగ్ అన్నారు. నాకు పండగ, టిక్ పెట్టేశా. ఆ రాత్రి కూర్చుని ప్లాన్ రాశా, "క్లయింట్ వారానికి 3 సార్లు గ్రూప్ యాక్టివిటీలో పాల్గొంటారు" అని గోల్, యాక్టివిటీ ఏమో టీవీలో ఆడే ఫిషింగ్ వీడియో గేమ్, సాయంత్రం 4 గంటలకి డే రూమ్‌లో, ఇంకో నలుగురితో కలిపి.

పొద్దున సూపర్‌వైజర్ చదివి పెన్ను పక్కన పెట్టి "ఇది హాజరు పట్టీ, గోల్ కాదు" అంది. ఆయన వచ్చి కూర్చుంటే ఏం మారుతుంది, అది రాయి అంది. సరే మారుస్తా అన్నా గానీ లోపల నాకు కోపమే వచ్చింది, ఇంత కష్టపడి రాస్తే ఇలా అంటుందేంటి అని, అందుకే గోల్ వాక్యం ఒక్కటి అటూ ఇటూ తిప్పి యాక్టివిటీ మాత్రం అలాగే ఉంచేశా.

జరగాల్సింది జరిగింది. మొదటి సెషన్‌లో ఆయన నిద్రపోయారు. తప్పు ఆయనది కాదు, మెడికేర్ (ఇక్కడ ముఖ్యంగా పెద్దవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) లెక్కలో ఇలాంటి హాస్పిటల్లో ఉన్నవాళ్ళకి మామూలుగా రోజుకి 3 గంటలు, వారానికి 5 రోజులు థెరపీ పడాలి, ఆ 3 గంటల్లోకి ఫిజికల్, ఆక్యుపేషనల్ (ఓటీ, రోజువారీ పనులు మళ్ళీ నేర్పేది), స్పీచ్ థెరపీలు వస్తాయి గానీ మనది లెక్కలోకి రాదు, కాబట్టి మిగిలిపోయిన టైమే మనకి దక్కుతుంది, 4 గంటలకి మనిషిలో ఏం మిగలదు. రెండో సెషన్‌లో మెలకువగానే ఉన్నారు, స్క్రీన్ మీద బొమ్మ చేపని చూశారు, రిమోట్ నా ఒళ్ళో పెట్టి "నాకు స్ట్రోక్ వచ్చింది అమ్మాయ్, అంతేగానీ ఆరేళ్ళ పిల్లాణ్ణి అయిపోలేదు" అన్నారు. మిగతా నలుగురూ నవ్వారు. నేను బాత్‌రూమ్‌లోకెళ్ళి కాసేపు ఏడ్చా, అది కూడా రాస్తున్నా, ఏమైతే అది అయింది.

మర్నాడు ఫారం లేకుండా వెళ్ళా. ఏం మాట్లాడాలో తెలీక మా తాతయ్య కాలవ గట్టు మీద గాలం వేసే సంగతి చెప్పా, బెండు మునిగితే తప్ప పలికేవాడు కాదని, పక్కన ఎవరైనా మాట్లాడితే కసిరేవాడని. ఆయన మొహం మొదటిసారి నా వైపు, అంటే ఎడమ వైపు, కొంచెం తిరిగింది. మీరు చేపల కోసమే వెళ్తారా అని అడిగా. చేపలెవడిక్కావాలి, సగం సార్లు వదిలేస్తా అన్నారు. నాలుగింటికి లేచి ఫ్లాస్కులో కాఫీ పోసుకోవడం, ముందు రోజు రాత్రి డబ్బా తెరిచి గాలాలు, సీసం గుళ్ళు, బెండ్లు దేనికది సర్దుకోవడం, గట్టు మీద ఎవరూ మాట్లాడకపోవడం, ఇదీ ఆయన ఫిషింగ్. నేనేమో ఆయన్ని నలుగురి మధ్యలో, గోలగోలగా ఉండే గదిలో, సాయంత్రం పూట కూర్చోబెట్టా. ఆయనకి ఇష్టమైనదాంట్లో ఒక్క ముక్క కూడా నా ప్లాన్‌లో లేదు.

అప్పుడు యాక్టివిటీ ఎనాలిసిస్ అనేది మొదటిసారి బుద్ధిగా చేశా. ఆ డబ్బా సర్దడంలో ఏమేం ఉన్నాయి? కంటితో వెతకాలి, రకాలు గుర్తుపట్టి వేరు చెయ్యాలి, వేళ్ళు పని చెయ్యాలి, ఒక చెయ్యి వస్తువుని పట్టుకుంటే ఇంకో చెయ్యి ముడి వెయ్యాలి, ఓపిక కావాలి. ఎడమ వైపు వెతకడం ఆయనకి కావాల్సిన మందే. ముడి వెయ్యడం మాత్రం అప్పుడే వద్దనుకున్నా, ఒంటి చేత్తో రాదు, రాకపోతే తిట్లు. వాళ్ళావిడకి ఫోన్ చేస్తే డబ్బా తెచ్చింది, గాలాలన్నీ తీసేసి ఇంటికి పంపించా, చేతిలో స్పర్శ సరిగ్గా లేని మనిషికి అవి ఇవ్వకూడదు, సీసం గుళ్ళు కూడా వద్దని వాటి బదులు చిన్న నట్లు పెట్టా, మిగతావన్నీ శానిటైజర్ వైప్స్‌తో తుడిచా. ట్రే ఎడమ అంచుకి ఎర్ర టేపు అంటించా, ఆ ఎర్ర గీత కనపడేదాకా తల తిప్పాలన్నది రూల్.

కొత్త గోల్ ఇలా రాశా: ట్రే ఎడమ సగంలో పెట్టిన 10 వస్తువుల్లో 8 వెతికి తియ్యాలి, 20 నిమిషాల్లో, నోటితో 2 సార్లకి మించి గుర్తు చెయ్యకుండా, డిశ్చార్జ్ లోపు వరసగా రెండు సెషన్లలో. టైమ్ పొద్దున 7, టిఫిన్‌కి ముందు, ఒక్కరే, నేను అనవసరంగా నోరు విప్పకూడదు. సూపర్‌వైజర్ ఈసారి చదివి ఏం అనలేదు, సంతకం పెట్టింది.

మొదటి రోజు 3 తీశారు, నేను ఏడు సార్లు చెప్పాల్సొచ్చింది. మూడో రోజుకి ఆయనే "గీత, గీత" అని గొణుక్కుంటూ తల తిప్పుతున్నారు. ప్లేట్లో ఎడమ పక్క బీన్స్ కూడా తగ్గడం మొదలైంది, అది మాత్రం నా ఒక్కదాని వల్లే అని చెప్పను, ఓటీ వాళ్ళు కూడా అదే పని మీద ఉన్నారు. మధ్యలో ఒక వీకెండ్ ఎవరూ లేక రెండు రోజులు గ్యాప్ వచ్చింది, సోమవారం మళ్ళీ 4 దగ్గరికి పడిపోయారు. ఆ వారమే వాళ్ళావిడతో కూర్చుని ఇంటికెళ్ళాక ఏంటన్నది మాట్లాడాం, ఒంటి చేత్తో వాడే రాడ్ హోల్డర్ (గాలం కర్రని పట్టి ఉంచేది), వీల్‌చెయిర్ వెళ్ళేలా రెయిలింగ్ ఉన్న ఫిషింగ్ పియర్ (చేపలు పట్టడానికి నీళ్ళలోకి కట్టిన వంతెన) దగ్గర్లో ఎక్కడుందో ఆవిడ చేతే వెతికించా, నేనే వెతికిచ్చేస్తే ఇంటికెళ్ళాక మళ్ళీ ఎవర్ని అడుగుతారు?

డిశ్చార్జ్ ముందు రోజు సెషన్‌లో 8 వచ్చాయి, ఒక్కసారే గుర్తు చేశా. వెళ్ళే రోజు పొద్దున 7 వచ్చాయి. ఎనిమిదో బెండు ట్రే మీంచి దొర్లి కింద పడింది, "అది నేను చూశాను కానీ అందలేదు, లెక్కలో వెయ్యి" అని ఆయన పట్టుబట్టారు. వరసగా రెండు సెషన్లు అని నేనే రాసుకున్నా కాబట్టి కుదరదన్నా. డాక్యుమెంటేషన్‌లో "గోల్ కొంతవరకు నెరవేరింది" అని రాశా. వీల్‌చెయిర్ లిఫ్ట్‌లోకి వెళ్ళేదాకా ఆయన ఆ ఎనిమిదో బెండు గురించే గొడవ పెట్టుకుంటూ వెళ్ళారు.