పాకం మిఠాయి పరుగుకు, నేతి మిఠాయి ఇంటికి

బొబ్బట్టూ తీపే, మరమరాల ఉండా తీపే. 25 కి.మీ. లాంగ్ రన్‌కి బయల్దేరే ముందు మొదటిది తింటే కాసేపటికే కడుపు బరువెక్కి, డొక్కలో పోటు మొదలవుతుంది. రెండోది తింటే ఆ తీపి అరగంటలో రక్తంలోకి చేరి కాళ్లకు అందుతుంది. తేడా అంతా నెయ్యి దగ్గరే ఉంది. కొవ్వు ఎక్కువున్న తిండి కడుపులోంచి కిందికి నెమ్మదిగా దిగుతుంది. పరుగులో రక్తం కాళ్లవైపు మళ్లుతుంది కాబట్టి ఆ దిగడం ఇంకా మందగిస్తుంది. అందుకే మిఠాయిలను మంచివి, చెడ్డవి అని విడదీయడం కంటే పాకంవి, నేతివి అని విడదీసుకుంటే పరుగెత్తేవాళ్లకు ఎక్కువ ఉపయోగం.

పాకం వైపు వచ్చేవి మరమరాల ఉండలు, పేలాల ఉండలు, నెయ్యి తగ్గించిన పరమాన్నం, ఖర్జూరం, పానకం. నేతి వైపు, నూనె వైపు వచ్చేవి బొబ్బట్లు, సున్నుండలు, బందరు లడ్డు, అరిసెలు, కాజాలు, డబల్ కా మీఠా. పూతరేకు చూడ్డానికి గాలిలా ఉంటుంది కానీ పొరపొరకీ నెయ్యి పడుతుంది, కాబట్టి అదీ నేతి వైపే. పల్లీ చెక్కీని చాలామంది పరుగులో తినడానికి జేబులో పెట్టుకుంటారు. పల్లీలో దాదాపు సగం కొవ్వే. చెక్కీని పరుగు ముగిశాక తినండి.

ముందు లెక్క తేల్చుకుందాం. పరుగులో కిలోమీటరుకి, శరీర బరువు కిలోకి సుమారు 1 క్యాలరీ ఖర్చవుతుంది. 65 కిలోల మనిషి 10 కి.మీ. పరుగెత్తితే 650. వేగం పెంచినా తగ్గించినా ఈ అంకె పెద్దగా మారదు. ఇందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది కూడా కలిసి ఉంటుంది, కాబట్టి వాచీ చూపించిన అంకె మొత్తాన్నీ తిండితో పూడ్చకూడదు. ఇప్పుడు ఇంట్లో చేసే బొబ్బట్టు చూడండి. 200 గ్రాముల శనగపప్పు, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల మైదా, నూనె నెయ్యి కలిపి 100 గ్రాములు పెడితే 12 బొబ్బట్లు వస్తాయి. ఒక్కోటీ 250 క్యాలరీల పైమాటే. అందులో 75 దాకా ఒక్కోదాంట్లో పడే 8 గ్రాముల కొవ్వు నుంచే. వారానికి 40 కి.మీ. పరుగెత్తే ఈ మనిషి ఖర్చు చేసేది 2,600 క్యాలరీలు, అంటే పది బొబ్బట్లు. మొదటిసారి హాఫ్ మారథాన్‌కి తయారవుతూ బరువు పెరిగేవాళ్లు ఎందుకు పెరుగుతారో ఇక్కడే తెలిసిపోతుంది. ఆదివారం 16 కి.మీ. పరుగెత్తామన్న ధీమాతో సోమ, మంగళవారాల్లో కూడా చెయ్యి డబ్బాలోకి పోతుంది. పైగా లాంగ్ రన్ ఆకలి చాలామందికి అదే రోజు కాకుండా మర్నాడు విరుచుకుపడుతుంది. సోమవారం పొద్దున్నే గుడ్లో, పెసరట్లో, మాంసకృత్తులు ఉన్న టిఫిన్ కడుపునిండా తింటే ఆ ఆకలి మిఠాయి డబ్బా దాకా రాదు.

బెల్లం గురించి ఒక్క మాట కచ్చితంగా చెప్పాలి. 100 గ్రాముల చక్కెరలో 400 క్యాలరీలు ఉంటే, బెల్లంలో 380 దాకా ఉంటాయి. రుచికి, వాసనకి, పాకానికి బెల్లాన్ని మించింది లేదు. బరువు తగ్గడానికి మాత్రం అది ఏ రకంగానూ సాయం చెయ్యదు. "బెల్లమే కదా" అని రెండో అరిసె తీసుకుంటే లెక్క రెండు అరిసెలకే పడుతుంది.

సున్నుండ విషయంలోనూ ఇలాంటి నమ్మకమే ఒకటుంది. మినుములు కాబట్టి ప్రొటీన్ బాగా వస్తుందని పరుగయ్యాక తింటారు. 200 గ్రాముల మినపప్పు, 150 గ్రాముల బెల్లం, 80 గ్రాముల నెయ్యితో 14 ఉండలు చేస్తే ఒక్కో ఉండలో 140 క్యాలరీలు, ప్రొటీన్ మూడున్నర గ్రాములు. లాంగ్ రన్ తర్వాత కండరాలకు కావాల్సిన 20 గ్రాములు సున్నుండలతోనే రావాలంటే ఆరు తినాలి, 840 క్యాలరీలు. సున్నుండ బ్రహ్మాండమైన మిఠాయి. దాన్ని మిఠాయిగానే, లాంగ్ రన్ రోజు రాత్రి భోజనం చివర ఒకటి తినండి.

పరుగులో తినేదాని సంగతికి వద్దాం. గంట, గంటంపావు లోపు పరుగుకి దారిలో ఏమీ అక్కర్లేదు, నీళ్లు చాలు. అది దాటితే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం (కార్బోహైడ్రేట్, తీపి కూడా ఇందులోకే వస్తుంది) కావాలి. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. కండరాల్లో, కాలేయంలో కలిపి ఆ నిల్వ 400–500 గ్రాములు. ఫుల్ మారథాన్‌లో 30 కి.మీ. దాటాక చాలామంది "వాల్" (గోడ) తగిలిందనేది, అంటే ఉన్నట్టుండి కాళ్లు కదలనంత నీరసం వచ్చేది, ఆ నిల్వ అడుగంటినప్పుడే. రెండున్నర గంటలు మించిన పరుగుల్లో అలవాటున్నవాళ్లు గంటకి 90 గ్రాముల దాకా వెళ్తారు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఉంటేనే అది సాధ్యం, ఎందుకంటే పేగులో రెండింటికీ వేర్వేరు దారులు. గ్లూకోజ్ ఒక్కటే అయితే గంటకి 60 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. చక్కెరలో, బెల్లంలో ఈ రెండూ సగం సగం ఉంటాయి. మరమరాల్లో ఉన్న పిండి గ్లూకోజ్‌గా మారుతుంది. అలా చూస్తే మరమరాల ఉండ, పరుగులో మింగే చిక్కటి తీపి జెల్ ప్యాకెట్లు తయారుచేసేవాళ్లు వాడే సూత్రానికి చాలా దగ్గరగా ఉంది.

పరుగు కోసం దాన్ని చేసే పద్ధతి కొంచెం వేరు. 90 గ్రాముల మరమరాలు, అంటే సుమారు ఆరు కప్పులు, సన్నసెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించాలి. నొక్కితే పటుక్కున విరగాలి. ఈ పని ఎగ్గొడితే పాకంలో పడగానే మెత్తబడి రబ్బరులా సాగుతాయి. 120 గ్రాముల బెల్లాన్ని మూడు చెంచాల నీళ్లతో కరిగించి, వడగట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టండి. వడగట్టకపోతే పరుగులో పంటి కింద ఇసుక తగులుతుంది. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి చూడాలి. మెత్తటి ఉండ అయితే అది అరిసెల పాకం, మనకింకా రాలేదు. మరో రెండు మూడు నిమిషాలు తిప్పాక, ఆ ఉండని పళ్లేనికి కొడితే టంగుమని మోగాలి. అక్కడ పొయ్యి ఆపెయ్యండి. ముందే ఆపితే ఉండలు మర్నాటికి జిగురుగా కరిగి జేబుకి అంటుకుంటాయి, ఆలస్యం చేస్తే పాకం మాడి చేదెక్కుతుంది. పావు టీస్పూన్ ఉప్పు, చిటికెడు శొంఠిపొడి వేసి మరమరాలు కలిపి, తడి చేత్తో వేడి మీదే చుట్టాలి. మధ్యలో గట్టిపడితే గిన్నెని అర నిమిషం సన్నసెగ మీద పెడితే మళ్లీ దారికొస్తుంది. నెయ్యి వెయ్యొద్దు. పల్లీలు, కొబ్బరి కూడా వద్దు.

మామూలుగా నిమ్మకాయంత 12 ఉండలు వస్తాయి, ఒక్కోదాంట్లో 15 గ్రాముల పిండిపదార్థం. పరుగులో అంత పెద్దది కొరికితే పొడి రాలి గొంతుకి అడ్డం పడుతుంది. ఉసిరికాయంత 24 చుట్టుకోండి, ఒక్కోటీ ఏడెనిమిది గ్రాములు, ఒక్క ముద్దలో అయిపోతుంది. విడివిడిగా బటర్ పేపర్లో చుట్టి గాలి చొరని డబ్బాలో ఉంచితే వారం పది రోజులు కరకరలాడతాయి. వానాకాలంలో మాత్రం బయటికి తీసిన రెండు గంటల్లో తేమ పట్టేస్తుంది. హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టులో కాబట్టి అక్కడ ఇది పెద్ద చిక్కే. చిన్న జిప్ కవర్లో వేసుకోవాలి. తినేటప్పుడు అర నిమిషం నడిచి, బాగా నమిలి, రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ పరుగందుకోండి. రొప్పుతూ నోట్లో వేసుకుంటే పొలమారుతుంది. టెంపో రన్‌లో (కాస్త కష్టమైన వేగంతో ఆపకుండా చేసే పరుగు), రేసు పేస్‌లో (పోటీ రోజు వేగం) నమలడం కుదరదు. అక్కడ జెల్ గానీ ద్రవం గానీ మేలు.

ఆ ద్రవం పానకమే కావచ్చు. శ్రీరామనవమికి చేసేంత చిక్కగా ఉంటే పనికిరాదు. లీటరుకి 200 గ్రాముల బెల్లం పడితే అది కడుపులోంచి దిగక గుడగుడలాడుతుంది, ఒక్కోసారి దారిలో విరేచనం కూడా పట్టుకుంటుంది. పరుగుకి లీటరు నీళ్లకి 60 గ్రాముల బెల్లం, పావు టీస్పూన్ ఉప్పు, అర నిమ్మకాయ చాలు. ఆ ఉప్పుతో 600 మిల్లీగ్రాముల దాకా సోడియం వస్తుంది. మిరియాలు పూర్తిగా మానెయ్యండి, కుదుపులకి గుండెల్లో మంట తెస్తాయి. యాలకులు ఇష్టమైతే ఒకటి. మెత్తటి గుడ్డలో వడగట్టి, ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. ఎండకి మిగిలిన పానకం పులిసిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి 150–200 మి.లీ. తాగితే గంటకి అర లీటరు, 27 గ్రాములు. దానికి నాలుగు చిన్న ఉండలు కలిస్తే 57. మొదటి వారమే అక్కడికి వెళ్లకండి. గంటకి 30తో మొదలుపెట్టి, నాలుగైదు లాంగ్ రన్‌లలో మెల్లగా పెంచితే కడుపు అలవాటు పడుతుంది. ఇంటికొచ్చాక నోరు పుక్కిలించడం మర్చిపోవద్దు. రెండు మూడు గంటలపాటు పళ్లు తీపిలోనే నానుతుంటాయి.

బయల్దేరే ముందు తీపి తినే సమయంలో ఒక మెలిక ఉంది. అరగంట, ముప్పావుగంట ముందు ఒట్టి తీపి తింటే ఇన్సులిన్ పెరిగి, సరిగ్గా పరుగు మొదలయ్యే సమయానికి కొందరికి రక్తంలో చక్కెర పడిపోతుంది. కళ్లు తిరిగినట్టు, కాళ్లు తేలిపోయినట్టు ఉంటుంది. అందరికీ కాదు కానీ అయ్యేవాళ్లకి మళ్లీ మళ్లీ అవ్వొచ్చు. వాళ్లు రెండు మూడు గంటల ముందైనా తినాలి, లేదా బయల్దేరే అయిదు పది నిమిషాల ముందు రెండు చిన్న ఉండలు వేసుకోవాలి. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ అంకెలేవీ నేరుగా పట్టుకోకుండా డాక్టరుతో తేల్చుకోవాలి.

పరుగు ముగిసిన గంటలోపు తినడానికి పరమాన్నం లాంటిది లేదు. 100 గ్రాముల బియ్యం, 750 మి.లీ. టోన్డ్ పాలు, 120 గ్రాముల బెల్లం, ఒక చెంచా నెయ్యితో ఆరు కప్పులు. కప్పులో 230 క్యాలరీలు, 38 గ్రాముల పిండిపదార్థం, 5 గ్రాముల ప్రొటీన్. ఉడుకుతున్న పాలల్లో బెల్లం వేస్తే విరిగిపోతాయి. పొయ్యి దించి, పది నిమిషాలు చల్లారాక, వడగట్టిన బెల్లం నీళ్లు కలపాలి. ప్రొటీన్ సరిపోదు కాబట్టి ముందు రెండు పెసరట్లు, తర్వాత ఒక కప్పు పరమాన్నం. 60 గ్రాముల పెసలతో 14 గ్రాములు వచ్చేస్తుంది. గుడ్లు తినేవాళ్లకి రెండు ఉడికిన గుడ్లు దాదాపు అంతే ఇస్తాయి.

బరువు తగ్గాలనుకుంటే కోత ఎక్కడ పెట్టాలి? నా అభిప్రాయంలో మొదటి కోత టీ కప్పులో. రోజుకి నాలుగు టీలు, కప్పుకి రెండు చెంచాలు అంటే 40 గ్రాముల చక్కెర, 160 క్యాలరీలు. వారానికి 1,120. నాలుగు బొబ్బట్లకి సరిపడా క్యాలరీలు, తిన్నామన్న తృప్తి కూడా లేకుండా లోపలికి పోతున్నాయి. వారానికి ఒక అర చెంచా చొప్పున తగ్గిస్తే నెలకి నాలుక అలవాటు పడుతుంది. ఆ మిగుల్లోంచి ఆదివారం ఒక బొబ్బట్టు హాయిగా తినొచ్చు, నెయ్యి వేసుకునే తినొచ్చు. రెండో కోత రెస్ట్ డే రోజున. లాంగ్ రన్, ఇంటర్వల్స్ (వేగంగా, నెమ్మదిగా మార్చి మార్చి పరుగెత్తడం) ఉన్న రోజుల్లో తిండి తగ్గించకండి. రోజువారీ క్యాలరీల లోటు మరీ ఎక్కువైతే పరుగు దెబ్బతినడం మొదలవుతుంది. నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే గుండె వేగం ఎక్కువగా ఉండటం, మోకాలి కింద ఎముక మీద ఒకే చోట నొప్పి, ఆడవాళ్లకి నెలసరి తప్పడం, ఇవి కనిపిస్తే శరీరానికి తిండి చాలడం లేదని అర్థం. అప్పుడు కోతలన్నీ ఆపి డాక్టరుకి చూపించుకోవాలి.

ఇక సంక్రాంతి. ముంబయి మారథాన్ జనవరి మూడో ఆదివారం వస్తుంది, అంటే దాదాపు పండగ వెనకే. అరిసెలు వండే వారం, కార్బ్ లోడింగ్ (రేసుకి ముందు పిండిపదార్థం ఎక్కువ తిని నిల్వ నింపుకోవడం) వారం ఒకటే అవుతాయి. రేసుకి ముందు రెండు రోజులు కిలో బరువుకి 8–10 గ్రాముల పిండిపదార్థం కావాలి. 65 కిలోలకి 520–650 గ్రాములు. అన్నంతోనే అంత రావాలంటే 700 గ్రాముల పైన బియ్యం వండాలి, ఎవరివల్లా కాదు. కాబట్టి ఆ రెండు రోజులూ నెయ్యి తీసేసిన పరమాన్నం, మరమరాల ఉండలు, పళ్లరసం మొహమాటం లేకుండా తినండి. పప్పు, ఆకుకూర తగ్గించండి, లేకపోతే రేసు పొద్దున కడుపు ఇబ్బంది పెడుతుంది. బరువు ఒకటి రెండు కిలోలు పెరుగుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది కాబట్టే అది, కంగారు పడి తిండి ఆపొద్దు. అరిసెలతో మాత్రం లోడింగ్ చెయ్యకండి. ఎంత గట్టిగా చెక్కలతో నొక్కినా నూనె మిగులుతుంది, పిండిపదార్థం చాలకముందే కడుపు నిండిపోతుంది. అరిసెలు బాగా చల్లారాక గాలి తగలని డబ్బాలో పెడితే రెండు వారాలు నిక్షేపంలా ఉంటాయి. డబ్బా మీద రేసు మర్నాటి తేదీ రాసి అటక మీద పెట్టించండి.