పెన్నా ఒడ్డున మంచుకొండల మొక్క

కార్తీక మాసంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన వాన వెలిసిన ఉదయం, నెల్లూరులోని మా మేడ మీద మూడు నెలలుగా కంటికి రెప్పలా చూసుకుంటున్న సెంపర్‌వైవమ్ మొక్కను తాకితే, అది మొదలంటా ఊడి వేలికి అంటుకుని వచ్చింది. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి. అడుగున కాండం మాత్రం ఉడికిన ఉల్లిపాయలా మెత్తబడి ముక్కిన వాసన వేస్తోంది. రూపాయి బిళ్లంత వెడల్పున గులాబీ పువ్వులా ముడుచుకుని, ఆకు కొసకూ కొసకూ నడుమ సాలెగూడు అల్లినట్టు తెల్లని నూలు పోసుకునే ఈ మొక్క స్వస్థలం ఆల్ప్స్, పిరెనీస్ పర్వతాల రాతి సందులు. దాని లాటిన్ పేరుకు ఎప్పటికీ బతికి ఉండేదని అర్థం. ఆ పేరు పెట్టినవారు మన ఈశాన్య రుతుపవనాన్ని చూసి ఉండరు.

ఈ పిచ్చి నాకు పట్టింది లదాఖ్‌లో. సో మొరిరి సరస్సు 4,500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంటుంది. ఆ సరస్సు పైనున్న వాలులో ఆయాసంతో ఒక పచ్చని బండ మీద కూర్చోబోతుంటే, మా డ్రైవరు చెయ్యి పట్టుకుని ఆపి అది రాయి కాదు, చెట్టు అన్నాడు. వంగి చూశాను. వేల కొద్దీ చిన్న చిన్న కొమ్మలు గోరు కూడా దూరనంత దగ్గరగా ఒకదానికొకటి ఒత్తుకుని, పైకి ఒకే ఎత్తున కత్తిరించినట్టు నిలబడి ఉన్నాయి. పిడికిలితో తడితే గట్టిగా, నిజంగానే రాయిలా తగిలింది. దాని పేరు థైలకోస్పెర్మమ్ అని తరువాత తెలుసుకున్నాను. ఇలాంటి మొక్కలను దిండు మొక్కలు అనుకోవచ్చు. ఎండిన తన ఆకులను కింద రాల్చకుండా లోపలే దాచుకుని, గాలి మోసుకొచ్చిన దుమ్మును కూడా పట్టి ఉంచి, అది తన మట్టిని తానే తయారు చేసుకుంటుంది. బయట గాలి కోస్తున్నా, ఎండ తగిలిన దిండు లోపల వెచ్చగానే ఉంటుంది. లదాఖ్‌లోనే 6,150 మీటర్ల ఎత్తున కూడా ఇలా నేలకు కరుచుకుని బతికే పూల మొక్కలు ఉన్నాయని శాస్త్రజ్ఞులు నమోదు చేశారు.

అక్కడి నుంచి ఆకు కూడా తేలేదు, తేకూడదు కూడా. అక్కడ గుప్పెడంత మొక్క ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. నేను కొన్న సెంపర్‌వైవమ్ ఒక కొండ ప్రాంతపు నర్సరీలో పిలకలతో పెంచినది.

మొదటి మొక్క చచ్చినప్పుడు తప్పు నీటిదే అనుకున్నాను, అది చాలావరకు నిజమే. లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది దాదాపు 100 మిల్లీమీటర్లు. మన నెల్లూరులో వెయ్యి దాటుతుంది, అందులోనూ సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కుమ్మరిస్తుంది. చలికొండల మొక్క ఒంటి మీది నూలు ఎండను తట్టుకోవడానికీ తేమను కాపాడుకోవడానికీ ఏర్పడినది. మన గాలిలో అదే నూలు తడిని విడవకుండా పట్టుకుని కుళ్లబెడుతుంది.

అందుకని రెండవ మొక్కకు ఇల్లు మార్చాను. చిన్నప్పుడు చెక్క చట్రంలో బిగించి మా చేతికిచ్చిన మార్కాపురం పలక గుర్తుకొచ్చి, అటు వెళ్ళినప్పుడు ఒక సంచెడు విరిగిన పలక ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. ఎందుకని అడిగిన కూలీకి మొక్కలకని చెబితే, నా వంక జాలిగా చూశాడు. వెడల్పాటి మట్టి తొట్టిలో పలకలను పుస్తకాల అరలో పుస్తకాల్లా నిలువుగా నిలబెట్టి, నడుమ వేలు పట్టేంత సందు వదిలి, ఆ సందుల్లో పెన్నా ముతక ఇసుక, పలక నలిపిన రవ్వ, పిడికెడు మాగిన ఆకుల ఎరువు మాత్రమే పోశాను. చెక్ దేశపు తోటమాలులు పేరు తెచ్చిన పద్ధతి ఇది. పైన పడిన నీరు క్షణంలో కిందికి జారిపోతుంది, మొక్క మెడ దగ్గర పొడి రాయి తప్ప తడి నిలవదు, వేరు మాత్రం పలకల వెంబడి చల్లని లోతుకు దిగిపోతుంది. ఆ తొట్టిని వాన జల్లు పడని చూరు కింద పెట్టాను. మరుసటి వానాకాలం అది చెక్కుచెదరకుండా గడిచింది. సంక్రాంతికి పక్కన రెండు పిలకలు కూడా వేసింది. నా అంత తోటమాలి జిల్లాలో లేడని ఆ నెల రోజులు నమ్మాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు భయపడి పగలు తడిపిన గోనెపట్టా నీడ కట్టాను కానీ, అసలు దెబ్బ రాత్రి తగిలింది. తొట్టిలో గుచ్చిన థర్మామీటరు రాత్రి రెండు గంటలకు 31 డిగ్రీలు చూపించింది. పగలు ఆకు కూడబెట్టిన చక్కెరను రాత్రి శ్వాసక్రియ ఖర్చు చేస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు సుమారు రెట్టింపవుతుంది. పైగా ఈ కుటుంబపు మొక్కలు ఎండకాలంలో రాత్రి పూటే ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుంటాయి. రాత్రి చల్లబడకపోతే ఆ పనీ కుంటుపడుతుంది. కొండల మీద పగలు ఎండ తగిలిన రాయి చుర్రుమన్నా, పొద్దు వాలగానే చలి దిగుతుంది కనుక మొక్కకు ఊపిరి తిరుగుతుంది. మన మేడ మీద ఆ విరామం దొరకదు. జూన్ మొదటి వారానికి తల్లి మొక్క ఎండు గడ్డిలా అయింది, పిలకల్లో ఒకటి మిగిలింది. దానిని రాత్రిళ్లు ఏసీ గదిలోకి తెచ్చుకుంటే, మొక్కకు కూడా దుప్పటి కప్పమంటారా అని మా ఆవిడ అడిగింది.

గింజల సంగతి ఇంకా విచిత్రం. మంచు కింద కొన్ని వారాలు పడుకోనిదే చాలా కొండమొక్కల గింజలు మొలకెత్తవు. శరత్కాలంలోనే మొలిచి చలికి చావకుండా అది వాటికున్న తాళం. తోటలో పెంచిన మొక్కల నుంచి సేకరించిన ప్రిములా అనే పూల మొక్క గింజలు తెప్పించి, తడి ఇసుకలో కలిపి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఫ్రిజ్జులో గోంగూర పచ్చడి పక్కన పెట్టాను. ఆరవ వారంలో మా అత్తగారు వచ్చి, “ఏందబ్బయా, ఇసుకను కూడా ఫ్రిజ్జులో దాచుకుంటారా మీ ఇంట్లో!” అంటూ డబ్బా కడిగి బోర్లించారు. ఆమెను ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే డబ్బా మీద పేరు రాయకపోవడం నా తప్పే.

ఖాళీగా మిగిలిన పలకల సందుల్లో ఇప్పుడు కుందేటి కొమ్ములు నాటాను. ఉదయగిరి వైపు ఎండిన రాతి గుట్టల మీద పెరిగే మొక్క ఇది. ఆకులు లేని, నాలుగు అంచులున్న కాడ, మందమైన పచ్చని ఒళ్లు, రాయిని ఆనుకుని బతికే తీరు చూస్తే సో మొరిరి బండకు దూరపు చుట్టంలా అనిపించింది. వృక్షశాస్త్రం ప్రకారం రెండింటికీ ఏ బంధుత్వమూ లేదు. మిత్రుడి దొడ్లోని కంచె దగ్గర కోసిచ్చిన రెండు కాడలు, మూడు రోజులు ఆరబెట్టి గుచ్చితే, రోహిణి కార్తెలో కూడా ఒక్క కాడ వాడలేదు. భాద్రపదంలో కొసన ముదురు మెరూన్ రంగు పూల గుత్తి విచ్చుకుంది. భూతద్దంతో చూద్దామని దగ్గరికి వంగితే, చచ్చిన ఎలుక వాసన గుప్పున కొట్టి, ముక్కు మీదికి రెండు ఈగలు లేచాయి. మా ఆవిడ ఆ తొట్టిని నీళ్ల ట్యాంకు వెనక్కి జరిపించింది. మిగిలిన ఒక్క సెంపర్‌వైవమ్ పిలక కూడా దాని పక్క సందులోనే ఉంది. రెండవ విడత ప్రిములా గింజలు ఈసారి పెద్ద అక్షరాలతో పేరు రాసిన డబ్బాలో ఫ్రిజ్జులో ఉన్నాయి. కార్తీక వానలు వెలిశాక బయటికి తీస్తాను.